‘పూర్ గర్ల్’, ‘పూర్ బాయ్’: ‘హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ మొదటి చరణం మీద చర్చ

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి గిటార్ క్లాసులో ‘హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ అనే పాత అమెరికన్ పాట నేర్చుకుంటున్నాడు. న్యూ ఆర్లీన్స్ నగరంలో ‘రైజింగ్ సన్’ అనే ఇల్లొకటి ఎంతోమంది బతుకులు కూల్చిందని మొదటి చరణం. వాడికిచ్చిన కాగితంలో ‘మెనీ ఎ పూర్ బాయ్’ అని ఉంది. యూట్యూబ్‌లో ఒకావిడ పాడింది వింటే ‘పూర్ గర్ల్’ అంటోంది. ఏది అసలు పాఠం? ఈ చరణాన్ని తెలుగులో పెట్టాలంటే ‘పేద అబ్బాయి’ అంటే సరిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
మీరు అడిగిన వాటిలో రెండోది తేలిక కాబట్టి ముందు అది చూద్దాం. ఇక్కడ ‘పూర్’ అంటే డబ్బు లేకపోవడం కాదండీ. చెడిపోయినవాళ్ళ గురించి మాట్లాడుతూ మనం ‘పాపం పిల్ల’ అంటామే, ఆ ‘పాపం’. ‘పేద’ అని రాస్తే మనసు ఆస్తిపాస్తుల మీదకు పోతుంది, చరణంలో ఉన్న జాలి జారిపోతుంది. కాబట్టి ‘ఎంతమంది పిల్లల బతుకులు కూల్చిందో పాపం’ అన్న దారిలో వెళ్ళడం మంచిది.

దాని తర్వాతి లైను ‘అండ్ మీ, ఓ గాడ్, ఫర్ వన్’ దగ్గర తెలుగులో ఒక చిక్కుంది. మన క్రియల్లో ‘నేను’కి ఆడామగా తేడా లేదు. వెళ్ళాను, చెడ్డాను, తిరిగొచ్చాను, ఎవరన్నా ఒకటే. అదే హిందీలో అయితే క్రియ దగ్గరే బయటపడిపోతుంది. కానీ ‘ఫర్ వన్’ని ‘వాళ్ళలో నేనూ ఒకడిని’ అని గానీ ‘ఒకదాన్ని’ అని గానీ అంటే, పాడుతున్నది ఎవరో అక్కడే తేలిపోతుంది. ‘అందులో నేనూ ఉన్నాను దేవుడా’ అంటే ఇంగ్లీషులో లాగే దాగి ఉంటుంది. ఏది వాడాలన్నది మీ మొదటి ప్రశ్నకి వచ్చే జవాబు మీద ఆధారపడుతుంది.

ఇక ఆ మొదటి ప్రశ్న. ఈ పాటకి కర్త తెలియదు. తేదీలున్న రికార్డుల్నే పట్టుకుంటే ముందు ‘బాయ్’ కనిపిస్తాడు. టెనెస్సీకి చెందిన క్లారెన్స్ ఆష్లీ, గ్వెన్ ఫోస్టర్ కలిసి 1933లో వొకాలియన్ కంపెనీకి ‘రైజింగ్ సన్ బ్లూస్’ అని పాడారు. అందులో నాశనమైపోయింది ‘మెనీ పూర్ బాయ్స్’. ఈ పాట తాతగారి దగ్గర నేర్చుకున్నానని ఆష్లీ చెప్పేవాడు. గిటారు, హార్మోనికా మీద చురుగ్గా సాగిపోయే పాట అది, ఇప్పుడు మనకి అలవాటైన దిగులు అందులో వినపడదు.

నాలుగేళ్ళ తర్వాత, 1937 సెప్టెంబరులో, జానపద గేయాలు సేకరిస్తూ తిరుగుతున్న అలన్ లోమాక్స్ కెంటకీ రాష్ట్రంలోని మిడిల్స్‌బరో ఊరికి వెళ్ళాడు. అక్కడ జార్జియా టర్నర్ అనే పదహారేళ్ళ అమ్మాయి, బొగ్గుగని కార్మికుడి కూతురు, ఈ పాట పాడితే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం డిస్కు మీద రికార్డు చేశాడు. ఆమె పాడింది ‘మెనీ ఎ పూర్ గర్ల్’. 1941లో అచ్చయిన ‘అవర్ సింగింగ్ కంట్రీ’ సంకలనంలో ఆమె పేరుతోనే ఈ పాట ఉంది. బెర్ట్ మార్టిన్ అనే ఇంకో కెంటకీ గాయకుడి చరణాలు కొన్ని దానికి కలిపారు.

ఆ అచ్చు పాఠంలో మన గ్రూపువాళ్ళు తప్పక చూడాల్సినది ఒకటుంది. మొదటి చరణంలో ‘పూర్ గర్ల్’ అన్న అమ్మాయే రెండో చరణంలో, ‘అమ్మ మాట వినుంటే ఇవాళ ఇంట్లో ఉండేదాన్ని’ అన్నాక, ‘బీయింగ్ సో యంగ్ అండ్ ఫూలిష్, పూర్ బాయ్, లెట్ ఎ రాంబ్లర్ లీడ్ మీ ఎస్ట్రే’ అంటుంది, అంటే లేత వయసు, తెలివితక్కువ, ఒక రాంబ్లర్ వెంట పడి దారి తప్పానని. ఇక్కడ ‘పూర్ బాయ్’ అంటే ఎవరో అబ్బాయి కాదు. ఆ పాటల్లో మధ్యలో పడే ఊతపదం లాంటిది, మన పల్లె పాటల్లో ‘ఓ రామా’, ‘ఓ లచ్చమ్మా’ పడినట్టు. అంటే ‘గర్ల్’, ‘బాయ్’ రెండూ ఒకే పాఠంలో, వేర్వేరు పనులు చేస్తూ ఉన్నాయి. ఆ ‘రాంబ్లర్’కి మాత్రం మన ‘దేశదిమ్మరి’ అతికినట్టు సరిపోతుంది.

కాబట్టి ఏది అసలు పాఠం అంటే, అది లేదనే నా జవాబు. ఉన్నవన్నీ పాఠాంతరాలే. అయితే ఏదైనా ఒకటే అని కాదు. ఆ ఒక్క మాట మారిస్తే పాటంతా ఎలా సర్దుకుంటుందో చూడండి.

టర్నర్ పాఠంలో ప్రియుడు తాగుబోతు, న్యూ ఆర్లీన్స్‌లో తాగుతూ తిరుగుతుంటాడు. ఆ అమ్మాయి చివరికి అంటుంది: మా చిన్న చెల్లికి చెప్పండి, నేను చేసినట్టు చెయ్యొద్దని, ఆ ఇంటి గడప తొక్కొద్దని. ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్లకి పంపే కబురు అది. 1964లో ఇంగ్లండులోని న్యూకాసిల్ కుర్రాళ్ళు, ‘ది ఆనిమల్స్’ బృందం, దీన్ని ‘బాయ్’ చేసి పాడారు. అప్పుడు ప్రియుడికి చోటు లేకుండా పోయింది, ఆ స్థానంలోకి జూదరి తండ్రి వచ్చాడు. ‘చెల్లికి చెప్పండి’ కాస్తా ‘అమ్మా, నీ పిల్లలకి చెప్పు’ అయింది. ప్రేమించినవాడి వల్ల చెడిపోయిన పిల్ల కథ, తండ్రి అలవాటు కొడుక్కి అంటిన కథగా మారిపోయింది. ఇంతా చేసి మారినవి కొన్ని మాటలే.

ఇంకో చిన్నది కూడా. 1941 పుస్తకంలో తల్లి కుట్టుపనిది, ‘షి సోల్డ్ దోజ్ న్యూ బ్లూ జీన్స్’, అంటే కొత్త జీన్స్ అమ్మింది. ఆనిమల్స్ దగ్గరికి వచ్చేసరికి ‘సోల్డ్’ (sold) ‘సోడ్’ (sewed) అయింది, కొడుక్కి కుట్టిపెట్టింది. ఒక్క హల్లు పోయి అమ్మకం ఆప్యాయత అయింది. కావాలని మార్చారో చెవిలో మారిందో గానీ, తల్లి గుర్తొచ్చి కుమిలిపోయే కొడుకు నోట ‘కుట్టింది’ అన్న మాటే బాగుంటుంది.

ఒక సభ్యుడి వ్యాఖ్య:
మాస్టారూ, ఆనిమల్స్ వాళ్ళు అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పాటని కాపీ కొట్టారని విన్నాను. నిజమేనా? ఇంకొకటి, ఇది జానపదమా, నల్లవాళ్ళ పాటల తీరైన బ్లూసా? ఆష్లీ తెల్లవాడు కదా, మరి పేరులో ‘బ్లూస్’ ఎందుకుంది?

జవాబు:
డిలన్ సంగతి చెప్తాను. దాంట్లో కాపీ అన్న మాట ఎవరికి అంటగట్టాలో తేలదు.

టర్నర్ పాడినది లోమాక్స్ రికార్డు ద్వారా హాలీ వుడ్ అనే టెక్సస్ గాయనికి చేరింది. ఆవిడ పాడినది విని డేవ్ వాన్ రాంక్ నేర్చుకున్నాడు. న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లో కాఫీ హోటళ్ళలో పాడేవాడాయన. కింది స్వరం అరమెట్టు అరమెట్టుగా దిగుతూ వచ్చేలా కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, మార్చాడు. పాటకి ఆ కుంగిపోయే నడక అక్కడ వచ్చింది. అదే అల్లికని డిలన్ 1961 నవంబరులో తన మొదటి ఆల్బమ్‌కి రికార్డు చేసేశాడు, ఆ తర్వాత వచ్చి ‘నీ పద్ధతిలో నేను రికార్డు చేసుకోవచ్చా’ అని అడిగాడు. నేనే త్వరలో రికార్డు చేద్దామనుకుంటున్నానని వాన్ రాంక్ అంటే, అయ్యో, ఇప్పటికే చేసేశానే అన్నాడట. ఆల్బమ్ 1962 మార్చిలో వచ్చింది. అప్పట్నుంచి వాన్ రాంక్ పాడితే జనం ‘డిలన్ పాట పాడుతున్నాడు’ అనడం మొదలుపెట్టారు, విసిగి ఆయన పాడటం మానేశాడు. తర్వాత ఆనిమల్స్ పాట మోత మోగిపోయింది. డిలన్ పాడితే ‘ఆనిమల్స్ పాట’ అన్నారు, అతనూ మానేశాడు. దీన్ని వాన్ రాంకే ఎంతో ఇష్టంగా చెప్పుకునేవాడు.

ఆనిమల్స్ గాయకుడు ఎరిక్ బర్డన్ అయితే తమ ప్రాంతపు జానపద గాయకుడు జానీ హ్యాండిల్ పాడగా ముందు విన్నానంటాడు. ఎక్కడ విన్నా, వాళ్ళు చేసిన పని మాత్రం వాళ్ళదే. 1964 మే 18న లండన్‌లో ఒకే టేకులో రికార్డు చేశారు. హిల్టన్ వాలెంటైన్ గిటారు మీద ఏ మైనర్‌తో మొదలుపెట్టి కార్డ్స్‌ని తీగ తీగగా విడదీసి మీటాడు, మీ అబ్బాయిలాంటి పిల్లలందరూ నేర్చుకునేది అదే. నడక తిశ్రం, మన చెవికి కొత్తేమీ కాదు. దాని మీద అలన్ ప్రైస్ ఆర్గన్, బర్డన్ అరుపు. నాలుగున్నర నిమిషాల పాటని రేడియో వాళ్ళు వెయ్యరని అనుకునే కాలంలో అది ఇంగ్లండులో, ఆ తర్వాత అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది.

రికార్డు మీద పడ్డ పేరు మాత్రం ఒకటే: ‘సంప్రదాయ గీతం, కూర్పు అలన్ ప్రైస్’. అందరి పేర్లకీ లేబుల్ మీద చోటు లేక ఒకరి పేరే వేశారని బర్డన్ చెబుతూ వచ్చాడు. కర్త లేని పాటకి రాయల్టీ కూర్పు చేసినవాళ్ళకే పోతుంది, కాబట్టి ఆ డబ్బు ఒక్కరికే వెళ్ళింది. నాకు ఇక్కడే బాధ కలుగుతుంది. పాటకి కర్త లేకపోవచ్చు, కానీ పాడి ఇచ్చిన మనిషి ఉంది, ఊరుంది, తేదీ ఉంది. మన సినిమాల్లోనూ ‘జానపదం’ అని ఒక్క మాట వేసి ఊరుకున్న పాటలున్నాయి. ఎవరి నోట విన్నారో ఆ పేరు కూడా పక్కన వేస్తే పోయేదేముంది?

బ్లూస్ సంగతి. ఖచ్చితంగా చూస్తే ఇది బ్లూస్ కట్టు కాదు. బ్లూస్‌లో సాధారణంగా ఒక లైను పాడి, దాన్నే మళ్ళీ పాడి, మూడో లైనుతో ముడి వేస్తారు, పన్నెండు బార్లలో (మన తాళావర్తాల లాంటివి). ఇది నాలుగు పాదాల బాలడ్, అంటే కథ చెప్పే పాట. ఎనిమిది అక్షరాల పాదం, ఆరు అక్షరాల పాదం, మళ్ళీ ఎనిమిది, ఆరు, కొంచెం అటూ ఇటూగా. ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తనదీ ఇదే కొలత. అందుకే ‘బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా’ బృందం వాళ్ళు 2001 ఆల్బమ్‌లో ఆ కీర్తన మాటల్ని ఈ పాట బాణీలో పాడగలిగారు. వినకపోతే తప్పకుండా వినండి. పాపపు ఇంటి బాణీ మీద దేవుడి దయ గురించి పాడుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

కానీ ‘బ్లూస్’ అన్న పేరు అబద్ధమూ కాదు. అప్పటి రికార్డు కంపెనీలు నల్లవాళ్ళ పాటల్ని ‘రేస్ రికార్డ్స్’ అనీ, దక్షిణాది తెల్లవాళ్ళవి ‘హిల్‌బిల్లీ’ అనీ వేరే క్యాటలాగుల్లో అమ్మేవి. పాటలు ఆ గీతని పట్టించుకోలేదు. నల్ల గాయకుడు లెడ్‌బెల్లీ దీన్ని ‘ఇన్ న్యూ ఆర్లీన్స్’ అని పాడాడు. ఇంకో నల్ల గాయకుడు జాష్ వైట్ 1940లలో పాడిన తీరు మనకి తెలిసిన మైనర్ వరసకి దగ్గరగా ఉంటుంది, దాన్ని ఒక తెల్ల గాయకుడి దగ్గర నేర్చుకున్నానని ఆయనే చెప్పాడు. నల్ల గాయని నైనా సిమోన్ పాడింది 1962లో వచ్చిన విలేజ్ గేట్ ఆల్బమ్‌లో ఉంది. అందులో అరుపుండదు, తొందరుండదు.

మొదట అడిగినావిడ:
చాలా విషయాలు తెలిశాయండీ. అసలు ఆ ‘ఇల్లు’ ఏమిటి? పిల్లాడికి చెప్పాలంటే కొంచెం ఇబ్బందిగా ఉంది. తెలుగులో పాడుకునేలా ఒక చరణం కూడా పెట్టగలరా?

జవాబు:
వేశ్యా గృహమని చాలామంది అంటారు. అమెరికన్ గాయని డాలీ పార్టన్ 1980లో పాడినప్పుడు మాటలు కొన్ని మార్చి దాన్ని దాచకుండా చెప్పింది. జూదపు ఇల్లని కొందరు. వాన్ రాంక్ కూడా చాలా ఏళ్ళు మొదటిదే నమ్మాడు. తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో ఎవరో పాత ఫోటోలు చూపిస్తుంటే ఒక రాతి ద్వారం మీద ఉదయించే సూర్యుడి చెక్కడం కనిపించిందట. ఏమిటిది అంటే, ఆడవాళ్ళ జైలు అన్నారు. అలా చూస్తే చివర వచ్చే ‘బాల్ అండ్ చెయిన్’, ఖైదీ కాలికి గొలుసుతో కట్టే ఇనుప గుండు, అలంకారం కాదు, ఉన్నదున్నట్టు చెప్పిన మాట. 1964లోనే జానీ హాలిడే పాడిన ఫ్రెంచి పాటలో ఇల్లు నేరుగా జైలైపోయింది, పేరే ‘లె పెనిటెన్సియే’. పిల్లాడికి ‘ఒకసారి వెళ్తే బయటపడలేని చోటు’ అని చెప్పండి. అబద్ధం కాదు, చాలు కూడా.

ఇక చరణం. ‘పిల్లలు’ అంటే తెలుగులో ఆడా మగా ఇద్దరూ వస్తారు, కాబట్టి ఎవరో తేల్చకుండా రాయొచ్చు. నేను మాత్రం అలా రాయను. ఈ పాట పాడిన ప్రతివాళ్ళూ ఎవరి గొంతో తేల్చుకునే పాడారు. నేను టర్నర్ వైపు, చెల్లికి పంపిన ఆ కబురు కోసం. మగపిల్లాడు పాడొచ్చా అని సందేహించకండి, డిలన్ ఇరవయ్యేళ్ళ కుర్రాడిగా ‘పూర్ గర్ల్’ అనే పాడాడు.

న్యూ ఆర్లీన్సులో ఇల్లొకటుంది
పొద్దుపొడుపని పేరు
ఎందరాడపిల్లల కూల్చిందో అది
దేవుడా, నేనూ ఒకతెను

మా చిన్నచెల్లికి చెప్పండమ్మా
నాలా చేయొద్దని
న్యూ ఆర్లీన్సు పొద్దుపొడుపింటి
గడప తొక్కొద్దని

‘ఒకతెను’ కొంచెం పుస్తకాల మాటలా ఉంది, ‘ఒకదాన్ని’ అంటే సహజంగా ఉంటుంది గానీ తాళంలో పొడుగవుతుందేమో. మీ అబ్బాయిని గిటారు మీద రెండూ పాడి చూడమనండి. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ వాణ్ణే మార్చుకోమనండి, మార్చింది ఇక్కడ పెట్టండి.