గాలి వీస్తే చాలు, రౌటర్‌లో ఎల్‌ఓఎస్ (ఫైబర్ సిగ్నల్ పోయిందని చెప్పే) లైట్ ఎర్రగా మిణుకుతోంది: తప్పు ఎక్కడ?

ఫైబర్ కనెక్షన్, జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) రౌటర్. రోజుకు ఐదారుసార్లు, కంపెనీ లైన్‌తో కలిసి ఉన్నట్టు చూపే పాన్ లైట్ ఆరిపోయి, ఎల్‌ఓఎస్ ఎర్రగా మిణుకుతుంది. రెండు మూడు నిమిషాలకు దానంతటదే సర్దుకుంటుంది. వైఫై మాత్రం పోదు కాబట్టి ఛానల్ మార్చి లాభం లేదు.

రౌటర్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ (రౌటర్‌కు అందే సిగ్నల్ బలం) మామూలుగా మైనస్ 24 డీబీఎం (ఆ బలానికి కొలమానం), గాలి వీస్తే మైనస్ 28. మైనస్ 27 కంటే కిందికి పడిపోతే సిగ్నల్ నిలవడం కష్టమే కదా. ఆకుపచ్చ కనెక్టర్ కొనను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. కిటికీ చట్రంలో నలిగిన మలుపును వదులు చేశాను, 12 వోల్టుల అడాప్టర్ కూడా మార్చాను. తేడా లేదు. లైన్‌మన్ వచ్చినప్పుడల్లా రీసెట్ కొట్టి వెళ్లిపోతున్నారు.

ముందు స్తంభం మీది స్ప్లిటర్ పెట్టె (ఫైబర్‌ను ఇళ్లకు విడదీసేది) దగ్గర పవర్ మీటర్‌తో కొలవమనాలా, అక్కడి నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ కేబులే మార్చమనాలా? స్ప్లిటర్ దగ్గర ఎంత రీడింగ్ వస్తే తప్పు కేబుల్‌దేనని తేల్చవచ్చు? తెలిసినవారు చెప్పండి, ప్లీజ్.