తప్పును బయటపెట్టిన ఉద్యోగికి చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది?

ప్రశ్న:
నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. సరుకు రాకుండానే వచ్చినట్టు చూపి బిల్లులు చెల్లిస్తున్నారని గమనించి, మా మేనేజరుగారికి నోటిమాటగా చెప్పాను. అప్పటినుంచి నా పనిలో లోపాలున్నాయంటూ వరుసగా మెమోలు ఇస్తున్నారు. ఇలాంటి కక్షసాధింపు నుంచి చట్టపరమైన రక్షణ ఏదైనా ఉందా? ఇతర దేశాల్లో పద్ధతి ఎలా ఉందో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
రక్షణ ఉందండీ, అయితే మీరు ఎవరికి, ఏ రూపంలో చెప్పారన్నదే ముఖ్యం. కంపెనీల చట్టం, 2013లోని 177వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలు (షేర్ మార్కెట్లో నమోదైనవి), ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే కంపెనీలు, అలాగే బ్యాంకుల నుంచి, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తెచ్చుకున్న కంపెనీలు ఉద్యోగుల ఫిర్యాదుల కోసం విజిల్ మెకానిజం (vigil mechanism, అంటే అక్రమాలను కంపెనీలోనే తెలియజేసే ఏర్పాటు) పెట్టాలి. ఫిర్యాదు చేసినవారిని వేధించకుండా అందులోనే రక్షణ కల్పించాలి. 2014 నాటి విజిల్ బ్లోయర్స్ (whistle blowers, అంటే తప్పును బయటపెట్టేవారి) రక్షణ చట్టాన్ని మాత్రం నమ్ముకోకండి. అది ప్రభుత్వోద్యోగుల అవినీతిపై చేసే ఫిర్యాదులకు సంబంధించినది; పైగా రాష్ట్రపతి ఆమోదం పొందినా అమలులోకి రాలేదు. ఇది చాలా బాధాకరమైన విషయం.

జవాబు 2:
ఇలా తప్పును బయటపెట్టేవారి రక్షణకు ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన ఆదేశం నాకు అన్నిటికన్నా న్యాయంగా తోస్తుంది. ఫిర్యాదు చేశాననీ, ఆ తర్వాత నష్టం జరిగిందనీ ఉద్యోగి చూపితే చాలు. ఆ చర్యకు వేరే సరైన కారణముందని నిరూపించుకోవలసిన భారం యజమానిదే. అమెరికాలో డాడ్-ఫ్రాంక్ అనే ఆర్థిక సంస్కరణల చట్టం కింద ప్రతీకార చర్యల నుంచి రక్షణ కావాలంటే సెక్యూరిటీస్ కమిషన్‌కే (షేర్ మార్కెట్లను నియంత్రించే సంస్థ) ఫిర్యాదు చేసి ఉండాలని అక్కడి సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. పై అధికారికి చెప్పినంత మాత్రాన ఆ చట్టం వర్తించదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా కంపెనీకి బ్యాంకు అప్పు చాలా ఎక్కువగానే ఉంది, కానీ ఈ విజిల్ మెకానిజాన్ని పర్యవేక్షించాల్సిన ఆడిట్ కమిటీ (లెక్కల తనిఖీని చూసే డైరెక్టర్ల బృందం) లేదు.

జవాబు 1:
అప్పు ఆ పరిమితి దాటితే, కమిటీ లేనిచోట ఆ బాధ్యత చూడటానికి బోర్డు ఒక డైరెక్టరును నియమించాలి. విజిల్ మెకానిజం వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, బోర్డు నివేదికలోనూ ఉండాలి. ముందు అవి చూసి, ఆ డైరెక్టరుకు బిల్లు నంబర్లు, తేదీలు, మేనేజరుగారికి చెప్పిన రోజు, ఆ తర్వాత వచ్చిన మెమోల తేదీలు వరుసగా పేర్కొంటూ ఈమెయిల్ పంపండి. ప్రతి మెమోకూ గడువులోగా రాతపూర్వకంగా సమాధానమివ్వండి. కంపెనీ పత్రాలను బయటికి తీసుకెళ్లే ముందు మాత్రం న్యాయవాదిని తప్పక సంప్రదించండి. లేకపోతే దాన్నే సాకుగా చూపి మీమీద చర్య తీసుకోవచ్చు.