సమస్య: ఆటయే మందు రోగమ్ము నాట యయ్యె

నిర్వాహకుడు: స్ట్రాస్‌బర్గ్ కథ చదువుతుంటే తట్టిన పాదం. 1518 జులైలో ఆ ఊళ్లో (ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉంది) ఫ్రౌ ట్రోఫియా అనే ఆవిడ వీధిలో నాట్యం ఆడడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. వారంలో 34 మంది, నెలకు 400 దాకా. ఆడితేనే తగ్గుతుందని నగరసభ మేళగాళ్లను కూలికి పెట్టింది. పూరించండి.

గోదారిగట్టు:
వేడి నెత్తురే కతమని వెజ్జు లనఁగ
వేదికలు గట్టి దరువులు వేయఁ జెప్పి
ముప్పదియు నల్వు రున్నట్టి మూఁక పెరిగె;
ఆటయే మందు రోగమ్ము నాట యయ్యె

పాలపిట్ట: ధార బాగుంది గానీ విరుపు ఏదండీ? పాదం ఎలా ఇస్తే అలాగే దింపేశారు. నాది:

చూడ వచ్చిన వారికే సోఁకె వింత
మేళములు పెట్టి పెంచిరి మితము లేక
కొండ గుడి కేఁగు వఱకునుఁ గుదుట పడక
ఆటయే మందు రోగమ్ము నాట యయ్యె

'రోగమ్మున్ + ఆట' కాదు, 'రోగమ్ము + నాట' అని విరిచాను. 'నాట' అంటే నాటడానికి.

తుంగభద్ర: ఆహా! రోగాన్ని నాటే మందు! ధాన్యపు సంతలో తెరిపిన పెట్టి, తూలిపోయేవాళ్లను బలమైన మనుషులతో నిలబెట్టి మరీ ఆడించారు. చూసినవాళ్లలో అది నాటుకుంది. జరిగిందంతా ఆ ఒక్క మాటలో ఉంది.

గోదారిగట్టు: 'నాటడానికి' అనే అర్థమిచ్చే రూపం, తుమున్నర్థకం, ద్రుతాంతం; అంటే చివర 'న్' ఉంటుంది. నాటన్ + అయ్యె, నాటనయ్యె అవుతుంది. మధ్యలో 'య', ఆ యడాగమం, ఎలా వచ్చింది?

పాలపిట్ట: నిరుడు ఉగాది పూరణలో మీరు రేఫకూ (ర) శకటరేఫకూ (ఱ) ప్రాస కలిపితే నేను ఊరుకున్నాను.

గోదారిగట్టు: ఊరుకోలేదు, మూడు రోజులు రాశారు. నేను దానికి పూర్వకవి ప్రయోగం చూపించాను. దీనికి మీరు చూపించండి.

కొత్తచిగురు: రై గింజలకు పట్టే ఎర్గట్ బూజు వల్లనంటారు కదా. ఇద్దరూ దాన్ని వదిలేశారేం?

తుంగభద్ర: ఆ విషానికి కాళ్లూ చేతులూ కొంకర్లు పోతాయమ్మా, రోజుల తరబడి ఆడే ఓపిక ఎక్కడిది? పంటలు పోయాయి, ఆకలి, పైన మశూచి. సెయింట్ వీటస్‌కు కోపమొస్తే ఆడించి చంపుతాడని జనం నమ్మకం. చివరికి మేళాలు మాన్పించి, సవెర్న్ అనే ఊరి దగ్గర ఆయన గుడికి తీసుకెళ్లి కాళ్లకు ఎర్రజోళ్లు తొడిగారు. అప్పుడు నెమ్మదించింది. పాలపిట్ట గారి మూడో పాదం అదే.

నిర్వాహకుడు: 'నాట నయ్యె' అని ఒప్పుకుంటే నా సమస్యే మారిపోతుంది. ఒప్పుకోను. విరుపు మాత్రం నాకు తట్టనిది, రాసుకున్నాను.

పాలపిట్ట: సరే. ఎర్రజోళ్ల మీద ఇంకోటి కడుతున్నాను, రాత్రికి పెడతా. గోదారిగట్టు గారూ, ద్రుతాలన్నీ ముందే చూసుకుంటాను.