ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ ల్యాబ్‌కి డబ్బు ఎక్కడ అడగాలి?

ప్రశ్న: నమస్కారమండి. ఒక రాష్ట్ర యూనివర్సిటీలో ఎంపీఎడ్ (వ్యాయామ విద్యలో పీజీ) పిల్లలకు ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, అంటే వ్యాయామం చేసేటప్పుడు శరీరం ఎలా పనిచేస్తుందో చెబుతున్నాను. మా ల్యాబ్‌లో ఉన్నవి రెండు స్టాప్‌వాచ్‌లు, ఒక బీపీ మిషన్, పిడికిలి బలం కొలిచే, ముల్లు కదలని గ్రిప్ డైనమోమీటర్. వీఓటూ మాక్స్ (శరీరం నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) అంటే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాల్సి వస్తోంది. దాన్ని కొలవడానికి ట్రెడ్‌మిల్, ఊపిరిలోని వాయువులను కొలిచే గ్యాస్ అనలైజర్ కలిసిన మెటబాలిక్ కార్ట్ కావాలి. బడ్జెట్ లేదన్నారు. ఎవరిని అడగాలి?

జవాబు: మేడమ్, కార్ట్ అడిగే ముందు దాన్ని నడిపే ఖర్చు లెక్కేయండి. నేను పనిచేసిన ఒక కాలేజీకి అలాంటి మిషనే వచ్చింది. మొదటి ఏడాది పిల్లలు వరసకట్టి, మాస్కు పెట్టుకుని పరిగెత్తారు. తర్వాత మిషన్ కొలతలు సరిచూసే కాలిబ్రేషన్ గ్యాస్ సిలిండర్ ఖాళీ అయింది. కొత్తది కొనడానికి ఏ పద్దులోనూ డబ్బు లేదు. నాలుగేళ్లు గుడ్డ కప్పి ఉంచాం. ఆ గుడ్డ దుమ్ము దులిపినప్పుడల్లా కడుపు తరుక్కుపోయేది. చివరికి ఆక్సిజన్ సెన్సర్ కూడా పోయింది. అందుకే సిలిండర్లు, మూడు లీటర్ల కాలిబ్రేషన్ సిరంజి, మాస్కులు, సెన్సర్లు, ఐదేళ్ల వారంటీ అన్నీ మొదటి ప్రతిపాదనలోనే పెట్టండి. మిషన్ ఇచ్చినవాళ్లు మళ్లీ గ్యాస్‌కి ఇవ్వడం అరుదు.

ఇక దారి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు చూడండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు వేటికి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో విద్యా ఉంది, గ్రామీణ క్రీడలు, ఒలింపిక్ క్రీడల శిక్షణా ఉంది. తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే అంటోంది కాబట్టి మీ దగ్గర్లోని ఫ్యాక్టరీ నుంచే మొదలుపెట్టండి. ఉత్తరంలో మిషన్ పేరు ముందు పెట్టకండి. ఏటా జిల్లాలో ఎంతమంది కబడ్డీ, అథ్లెటిక్స్ పిల్లలకు ఫిట్‌నెస్ పరీక్ష చేసి రిపోర్టు ఇస్తారో అది ముందు రాయండి. కొన్న పరికరం యూనివర్సిటీ పేరునే ఉండాలి.

మరొకరి జవాబు: సార్ చెప్పింది నిజం. అయితే డబ్బు వచ్చేదాకా ఆగకండి. 41.3 సెంటీమీటర్ల ఎత్తు చెక్క బెంచీ చేయించి మిషన్ లేకుండా వీఓటూ మాక్స్ అంచనా వేసే క్వీన్స్ కాలేజ్ స్టెప్ టెస్ట్ పెట్టండి. మూడు నిమిషాలు ఎక్కి దిగాలి. అబ్బాయిలకు నిమిషానికి 24 సార్లు, అమ్మాయిలకు 22. ఆపిన ఐదో సెకను నుంచి ఇరవయ్యో సెకను దాకా నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. అబ్బాయిలకు 111.33 లోంచి, నాడిని 0.42తో గుణించి తీసెయ్యాలి. నాడి 150 అయితే వీఓటూ మాక్స్ 48.33 వస్తుంది, అంటే కిలో బరువుకు నిమిషానికి అన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్. అమ్మాయిలకు 65.81 లోంచి 0.1847 రెట్ల నాడి. ఇది అంచనా మాత్రమే. కానీ ఆరు నెలల రికార్డు పుస్తకం పట్టుకుని వెళ్తే అడిగే మాటకు బలం వస్తుంది. పెద్ద మిషన్ మీద పని ఉంటే పరిశోధన పరికరాల వివరాలుండే ఐ-స్టెమ్ అనే ప్రభుత్వ పోర్టల్లో వెతకండి. ఏ సంస్థలో ఏ పరికరం వాడుకోనిస్తారో అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండి. మా పాత విద్యార్థి ఒకరు అమెరికా నుంచి పంపుతానంటున్నారు. తీసుకోవచ్చా?

మొదటి జవాబిచ్చినవారు: ఆయన పాస్‌పోర్టు ఏదో ముందు అడగండి. భారత పౌరుడే అయితే సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం చూసుకోవాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. మీ సొంత ఖాతాలో మాత్రం ఒక్క రూపాయి కూడా వేయించుకోవద్దమ్మా.

ప్రశ్న అడిగినవారు: అలాగే సార్. కార్పెంటర్‌కి రేపే చెబుతాను. బెంచీ ఎత్తు అంగుళాల్లో ఎంత?

రెండో జవాబిచ్చినవారు: పదహారుంపావు. కింద కాళ్లకు రబ్బరు వేయించండి, లేకపోతే జారుతుంది.