చర్చ: స్కాన్లు నెట్‌లో ఉన్నాక గ్రంథాలయానికి పాత పత్రికలెందుకు?

పాతసంచిక:
మా ఊరి గ్రంథాలయం అటక మీద స్వాతంత్ర్యానికి ముందునాటి దినపత్రికల బౌండు సంపుటాలున్నాయి. ఎలాగూ నెట్‌లో దొరుకుతున్నాయి కదా, తూకానికి వేసేసి ఆ గది పోటీపరీక్షల పిల్లలకిద్దామని ఓ పెద్దాయన ప్రతిపాదన. నేను వద్దన్నాను. ప్రజాస్వామ్యం, చరిత్ర అంటూ ఏదో చెప్పబోతే నవ్వేశారు. మీరేమంటారు?

డల్లాస్ తెలుగోడు:
కోపం తెచ్చుకోకండి, నేను పెద్దాయన పక్షమే. ఇక్కడ కూర్చుని పాత తెలుగు పుస్తకాలు చదవగలుగుతున్నానంటే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే సైటు వాళ్లు స్కాన్ చేసి పెట్టబట్టే. అటక మీదున్నవి ఎలుకలకే పనికొస్తాయి. 1981లో శ్రీలంకలో జాఫ్నా గ్రంథాలయాన్ని తగలబెడితే సుమారు 97 వేల పుస్తకాలు పోయాయి. స్కాన్లుండుంటే?

చీరాల చిన్నోడు:
స్కాన్ చేయొద్దని ఎవరన్నారండీ? చేశాక మూలం పారేయొద్దంటున్నాం. మీరు చెప్పిన ఆ సైటు తెరుచుకోవడం మానేసి ఏళ్లయింది. ఎవరో పుణ్యాత్ములు ఆ పుస్తకాల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెట్టబట్టి మిగిలాయి. ఆ ఆర్కైవ్ గతి చూడండి. ప్రచురణకర్తలు దానిపై వేసిన కేసులో ఓడి 5 లక్షలకు పైగా పుస్తకాల్ని అరువు జాబితా నుంచి తీసేసింది, 2024 సెప్టెంబర్‌లో అప్పీలూ పోయింది. మరుసటి నెల హ్యాకర్లు పడితే సైటే కొన్ని రోజులు మూగబోయింది. 1918లో పెట్టిన మా వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లండి, పాత పత్రిక తీసి చేతికిస్తారు. దానికి సర్వర్ అక్కర్లేదు.

లెక్కల మాస్టారు:
వాట్సాప్‌లో తిరిగే పాత క్లిప్పింగుల సంగతి ఎవరూ ఎత్తలేదే! మా బంధువుల గ్రూపులో ఒకటొచ్చింది. పసుపు మరకలు, చిరిగిన అంచు, 17 సెప్టెంబర్ 1948 తేదీ, నిజాం లొంగిపోయిన వార్త. చూడగానే నమ్మేలా ఉంది. నిజాం రేడియోలో ప్రకటించింది ఆ రోజు సాయంత్రం. పొద్దున్నే వచ్చే పత్రికలో ఆ వార్త ఎలా పడుతుంది? పైగా అక్షరాలు చూస్తే కంప్యూటర్ ఫాంటు. అడిగితే ‘మీరు ఏ పార్టీ?’ అన్నారు.

డల్లాస్ తెలుగోడు:
మాస్టారూ, దొంగను పట్టుకోడానికి మీకు తేదీ చాలింది. అటక ఎక్కలేదుగా?

లెక్కల మాస్టారు:
వాడు తెలివితక్కువవాడు కాబట్టి చాలింది. 18వ తేదీ వేసి, పాత అచ్చుకు దగ్గరి అక్షరాలు పెట్టుంటే? ఇప్పుడు ఏఐకి చెబితే నిమిషంలో చేసిపెడుతుంది. అప్పుడు ఆ రోజు అసలు సంచిక తీసి పక్కన పెట్టడం తప్ప దారిలేదు. నెట్‌లో ఉన్న బొమ్మతో నెట్‌లోని ఇంకో బొమ్మను ఎంతని సరిచూస్తాం?

ఓరుగల్లు పిల్ల:
చరిత్రంటే కాగితమే అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. నాకు ఆ గది సంగతే ముఖ్యం. హైదరాబాద్ సంస్థానంలో గష్తీ నిశాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు ఉన్న రోజుల్లో సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలి. అలాంటి చోట నలుగురు చేరి పత్రిక చదివి మాట్లాడుకోడానికి గ్రంథాలయమే దిక్కయింది. ఆ ఉత్తర్వుకు ముందే హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, మా హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్ర నిలయం వచ్చాయి. కాబట్టి పిల్లలకి గది ఇవ్వాల్సిందే, అదీ ప్రజాస్వామ్యమే. కానీ కాగితం అమ్మి గది సంపాదించడమేంటి? ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. చాలాచోట్ల స్థానిక సంస్థలు అది వసూలు చేసుకుని జిల్లా గ్రంథాలయ సంస్థకు బకాయి పెడతాయి. పెద్దాయన్ని ముందు అది అడగమనండి.

డల్లాస్ తెలుగోడు:
పన్ను మాట బాగుంది. నా వాదన నాదే, చదివేవాళ్లు లేని కాగితం కోసం గది అడ్డుపెట్టుకోకూడదు. సరే, ఒకటి చెప్పండి. ఆ సంపుటాలన్నీ నిజంగా నెట్‌లో ఉన్నాయని సంచిక సంచికకూ చూసిందెవరు?

పాతసంచిక:
ఎవరూ లేరు. పెద్దాయన ఫోన్‌లో పత్రిక పేరు కొట్టి, వచ్చింది చూపించారంతే. మీరు అడిగాక నేను వెతికాను. మా దగ్గరున్న 1942 ఆగస్టు, సెప్టెంబర్ సంచికలు అక్కడ కనపడలేదు. అంటే క్విట్ ఇండియా నెలలు! ఆదివారం అటక ఎక్కి తేదీలవారీ జాబితా రాస్తున్నాను. జాబితా అయ్యేదాకా తూకం మాట ఎత్తొద్దని కమిటీకి కాగితం ఇచ్చాను.

చీరాల చిన్నోడు:
నేనొస్తా. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ముకి మూడ్రోజులు తుమ్ములే.