ఫ్లై-ఇన్ బ్రేక్‌ఫాస్ట్‌కి అందరం ఒకే వరసలో దిగాలా, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాలా?

ఫాక్స్‌రివర్:
షికాగో పడమటి శివార్లలోని మా ఫ్లయింగ్ క్లబ్‌లో తెలుగువాళ్ళం కొందరం ఉన్నాం. వేసవి ఆదివారాల్లో ఇల్లినాయ్, విస్కాన్సిన్ పల్లెల్లో జరిగే బ్రేక్‌ఫాస్ట్‌లు ఇక్కడ చాలామందికి తెలిసినవే. హ్యాంగర్‌లో బల్లలు వేసి పాన్‌కేక్‌లు, గుడ్లు, సాసేజ్ పెడతారు. ఊరివాళ్ళు కార్లలో వస్తారు, మనం గాల్లోంచి దిగుతాం. విమానం నడుపుకుని వచ్చిన పైలట్‌కి చాలాచోట్ల ప్లేటు ఉచితం (ఆ ఉచిత ప్లేటు కోసం ఎంత పెట్రోలు తగలేస్తామో మా ఆవిడని అడగొద్దు).

ఈసారి దక్షిణ విస్కాన్సిన్‌లో కంట్రోల్ టవర్ లేని ఒక గడ్డి రన్‌వేకి ఐదు విమానాల్లో వెళ్తున్నాం: మూడు సెస్నా 172లు, ఒక పైపర్ ఆర్చర్, ఒక బొనాంజా. ఏర్పాట్లు చూసే పెద్దాయన ఒక ప్లాన్ పెట్టారు. నిదానమైనవి ముందు బయల్దేరాలి, బొనాంజా చివర. దారిలో అందరూ వరసలో కలవాలి. రేడియోలో ముందున్నాయన ఒక్కడే ఐదుగురి తరఫునా మాట్లాడతాడు. పాటర్న్‌లోకి (దిగేముందు రన్‌వే చుట్టూ తిరిగే దారి) వెళ్ళకుండా స్ట్రెయిట్-ఇన్‌గా, అంటే దూరం నుంచి తిన్నగా, ఒకరి వెనక ఒకరు దిగాలి. ఒకేచోట పార్కింగ్, ఒకే బల్ల దగ్గర కూర్చోవడం. క్లబ్‌లో సగంమంది భేష్ అన్నారు. నాకు మాత్రం మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

ఓష్‌కోష్ యాత్రికుడు:
ఇందులో మింగుడు పడనిదేముంది? జులైలో విస్కాన్సిన్‌లో జరిగే పెద్ద విమానాల జాతరకి, ఓష్‌కోష్‌కి, ఎలా వెళ్తాం? రిపన్ దగ్గర వరసలో చేరి, రైలు పట్టాల మీదుగా ఫిస్క్ దాకా, ముందువాడికి అరమైలు వెనక, 90 నాట్ల వేగం, 1,800 అడుగుల ఎత్తు. ముక్కూమొహం తెలియనివాళ్ళు అంతమంది అలా వెళ్ళగా లేనిది, ఒకే క్లబ్‌లో ఐదుగురు వెళ్ళలేరా?

రేడియో సంగతి కూడా చూడండి. ఆదివారం ఉదయం టవర్ లేని చాలా ఎయిర్‌పోర్టులు పంచుకునే 122.8 ఫ్రీక్వెన్సీ పెట్టుకుంటే చుట్టుపక్కల అన్ని ఎయిర్‌పోర్టుల గోలా ఒక్కసారే చెవిలో పడుతుంది. ఐదుగురు విడివిడిగా ఒక్కొక్కరు నాలుగేసిసార్లు మాట్లాడేకంటే ఒక్క గొంతు మేలు కాదా?

రైట్‌సీట్ పంతులు:
నేను ఇన్‌స్ట్రక్టర్‌ని కాబట్టి నస పెడతాను, భరించండి.

యాత్రికుడు గారూ, ఫిస్క్ దగ్గర నేల మీద కంట్రోలర్లు బైనాక్యులర్లు పట్టుకుని కూర్చుంటారు. "రెక్కలు ఊపు" అంటే ఊపుతాం, ఏ రన్‌వే అంటే ఆ రన్‌వేకి పోతాం. అందరూ ఒకే నోటీసు చదువుకుని వస్తారు, ఎదురుగా ఎవరూ రారు. ఈ గడ్డి రన్‌వే దగ్గర ఆ మనిషీ లేడు, ఆ నోటీసూ లేదు. రాక్‌ఫర్డ్ నుంచి ఏటా ఓష్‌కోష్‌కి గుంపుగా ఎగిరే బొనాంజాల వాళ్ళు కూడా ముందు శిక్షణ శిబిరాల్లో సాధన చేసే వెళ్తారు. అదీగాక వాళ్ళవన్నీ ఒకే వేగంతో పోయే విమానాలు.

మీ ప్లాన్‌లో బొనాంజా చివర ఉంది. 172 ఫైనల్‌లో (రన్‌వేకి సూటిగా దిగే చివరి దారిలో) 65 నాట్ల దగ్గర ఉంటుంది. వెనకవాడు అంతకంటే వేగంగా వస్తుంటాడు. దారంతా ఉన్న మైలు దూరం రన్‌వే దగ్గరికొచ్చేసరికి కరిగిపోతుంది. ముందున్న 172 గడ్డిలో నెమ్మదిగా పక్కకి తిరుగుతుంటే వెనకాయన గో-అరౌండ్ కొట్టాలి, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేవాలి. అప్పుడు ఆయన రేడియోలో మాట్లాడొచ్చా, లేక లీడర్ అనుమతి కావాలా?

ఇక స్ట్రెయిట్-ఇన్. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఏం జరిగిందో గుర్తుందా? పాటర్న్‌లో ఒక సెస్నా 152, స్ట్రెయిట్-ఇన్‌గా వేగంగా వస్తున్న రెండింజన్ల సెస్నా 340. రెండింటిలోనూ రేడియో ఉంది, రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతూనే ఉన్నాయి. అయినా ఫైనల్‌లో ఢీకొన్నాయి, ముగ్గురు పోయారు.

ఛాంప్ అన్న:
మీరంత రేడియో రేడియో అంటున్నరు. నా ఛాంప్‌ల (పాతకాలపు రెండు సీట్ల చిన్న విమానం) రేడియోనే లేదు. బ్యాటరీ లేదు, జనరేటర్ లేదు, ప్రొపెల్లర్ చేత్తోని తిప్పి స్టార్ట్ జేయాలె. టవర్ లేని కాడ రేడియో ఉండాల్నని రూలేం లేదు. షికాగో చుట్టుపక్కల తిరగాల్నంటే ఏడీఎస్-బీ (విమానం ఎక్కడున్నదో అందరికి చెప్పే పరికరం) ఉండాలన్నరు గని, కరెంటు లేకుండ తయారైన పాత విమానాలకు అండ్ల మినహాయింపు ఉన్నది. అంటే మీ ఐప్యాడ్ మీద నేను కనవడ. నేనైతే చేతి రేడియో ఒకటి వెట్టుకుంట, కని ఇంజన్ సప్పుడుల సగం ఇనవడది. పైపర్ కబ్‌లు నడిపే ముసలోళ్ళు అదీ వెట్టుకోరు.

బ్రేక్‌ఫాస్ట్ అంటే గడ్డి రన్‌వేల మీద ఇసొంటి బండ్లే ఎక్కువ. మేం డౌన్‌విండ్ (రన్‌వే పక్కపొంటి పోయే దారి) నుంచి బేస్‌కు (ఫైనల్‌కు ముందు అడ్డంగ పోయే దారి) మళ్ళుతాంటే మీ ఐదుగురు మాకు కనవడని దిక్కుకెల్లి వరసగ వస్తరు. లీడర్ ఎంత బాగ మాట్లాడినా నాకేం లాభం?

ఇంకోటి. నేను మా కాడ బ్రేక్‌ఫాస్ట్‌ల పార్కింగ్ చూసిన. విమానాలను జరిపేటోళ్ళు ఇద్దరు ముగ్గురు పోరగాండ్లు. పిల్లల్ని ఎత్తుకొని ఊరోళ్ళు కంచె కాడికి వస్తరు. ఐదు ప్రొపెల్లర్లు ఒక్కపారే తిరుగుకుంట వస్తె ఎటు చూడాలె? పెనం గూడ ఒక్కటే ఉంటది. పెళ్ళికి వచ్చినోళ్ళందరు మొదటి బంతికే కూసుంటమంటే ఎట్ల?

వెనకసీటు:
మీ నాట్లూ అడుగులూ నాకు తెలియవు, నేను ప్యాసింజర్‌ని. కానీ ఇంతవరకూ ఎవరూ అనని మాట ఒకటి ఉంది.

ఆగస్టు చివరికొచ్చేసరికి పొద్దున్నే నదుల పక్కన పొగమంచు ఉంటుంది. తొమ్మిది, పది దాటితే గానీ విడవదు, బ్రేక్‌ఫాస్ట్ ఏమో ఏడింటికే మొదలు. ఒక్కరే వెళ్తుంటే మావారు కిటికీలోంచి చూసి "ఒక గంట ఆగుదాం" అంటారు. గుంపుగా వెళ్తున్నప్పుడు ఆ మాట నోట్లోంచి రాదు. ముందాయన టేకాఫ్ అయ్యాడు, మనం వెనకబడితే వరస చెడుతుంది, ఆయనకి లేని భయం మనకెందుకు... ఇదే ధోరణి. వెనక కూర్చుని చూసేదాన్ని కాబట్టి చెప్తున్నా. దిగడం గురించి ఇంత మాట్లాడుకున్నారు, వద్దు అనే హక్కు ఎవరిదో ముందు తేల్చండి.

ఇంకో చిన్న సందేహం: పెట్రోలు డబ్బులు మేమే ఇస్తామంటే పైలట్ వద్దంటున్నారు. మొహమాటమా, రూలా?

రైట్‌సీట్ పంతులు:
రూలే అమ్మా. ప్రైవేట్ పైలట్ తన వంతుకి తక్కువ పెట్టుకోకూడదు. ఆయనతో కలిపి ముగ్గురు ఎక్కితే కనీసం మూడోవంతు ఆయనదే. పంచుకునేది కూడా ఇంధనం, ఆయిల్, ఎయిర్‌పోర్టు ఖర్చులు, విమానం అద్దె, అంతవరకే.

పొగమంచు గురించి మీరన్న మాటతో నా పోస్టు సగం అనవసరమైపోయింది. ఫాక్స్‌రివర్ గారూ, ముందు దానికి జవాబు రాబట్టండి.

ఓష్‌కోష్ యాత్రికుడు:
సరే, స్ట్రెయిట్-ఇన్ మాట వెనక్కి తీసుకుంటాను. మిగతాది తీసుకోను. "ఎవరి దారిన వాళ్ళు" అంటే వినడానికి బాగుంటుంది. నిజానికి ఐదుగురూ ఒకే ఎయిర్‌పోర్టు నుంచి ఎనిమిదింటికి బయల్దేరతారు, ఒకే జీపీఎస్ గీత మీద పోతారు, ఒకే ఐదు నిమిషాల్లో అక్కడికి చేరతారు. అప్పుడు వరసా ఉండదు, ఎవరు ఎక్కడున్నారో తెలియదు. ప్లాన్ ఉన్న గుంపు కన్నా ప్లాన్ లేని గుంపు మంచిదెలా అయిందో పంతులు గారు చెప్పాలి.

రైట్‌సీట్ పంతులు:
మంచిదని నేననలేదు. వరసని తిరగేయమంటున్నాను. బొనాంజా అందరికంటే ముందు, తర్వాత ఆర్చర్, ఆ తర్వాత 172లు. ఒక్కొక్కరికీ మధ్య పది నిమిషాలు. ముందున్నదే వేగమైనది కాబట్టి దూరం పెరుగుతుందే గానీ తగ్గదు. దారిలో విమానాల మధ్య కబుర్లకి 122.75 ఫ్రీక్వెన్సీ ఉండనే ఉంది. పది మైళ్ళ నుంచి మాత్రం అందరూ ఆ ఊరి ఫ్రీక్వెన్సీలోనే, ఎవరి మాట వాళ్ళదే, ఊరి పేరు మాట మొదట్లోనూ చివరా చెప్పాలి. విమానం రంగు కూడా చెబితే కింద పార్కింగ్ పిల్లలకీ ఉపయోగం. వెయ్యి అడుగుల ఎత్తులో 45 డిగ్రీల కోణంలో డౌన్‌విండ్‌కి రండి, కళ్ళు బయట పెట్టండి. "ఎవరైనా ఉంటే చెప్పండి" అని మాత్రం అడగొద్దు. ఎఫ్.ఏ.ఏ. (అమెరికా విమానయాన శాఖ) వద్దని చెప్పినా అందరూ అడిగేది అదే.

బేగంపేట పిల్లోడు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. హైదరాబాద్‌లో ట్రైనింగ్‌లో ఉన్నాను. ఇక్కడ ఎగరాలంటే ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు రావాలి. టిఫిన్ కోసం పక్క ఊరికి విమానంలో వెళ్ళి ఎలా దిగాలా అని కొట్టుకుంటున్నారే, చదువుతుంటే కడుపు మండుతోంది. కానివ్వండి.

ఫాక్స్‌రివర్:
తమ్ముడూ, లైసెన్స్ తీసుకుని రా, కుడి సీటు నీదే.

పెద్దాయనతో మాట్లాడాను. ముందు కాస్త నొచ్చుకున్నారు. వాతావరణం మాట ఎత్తగానే మెత్తబడ్డారు. ఎవరి నిర్ణయం వాళ్ళది, రానివాళ్ళని ఎవరూ ఏమీ అనకూడదని ఆయనే క్లబ్ గ్రూపులో రాశారు. వేగమైనవి ముందు అన్నదానికీ సరే అన్నారు. తేలనిది ఒక్కటే. బొనాంజా ఓనరు "స్ట్రెయిట్-ఇన్ చట్టప్రకారం తప్పు కాదు, ఫైనల్ మీదున్నవాడిదే దారి" అంటున్నారు.

రైట్‌సీట్ పంతులు:
తప్పు కాదు, నిజమే. కానీ పాటర్న్‌లో ఉన్నవాళ్ళకి అడ్డం రానప్పుడే అలా రమ్మని ఎఫ్.ఏ.ఏ. సలహా. ఇద్దరు దిగడానికి వస్తుంటే తక్కువ ఎత్తులో ఉన్నవాడిదే దారి, అయినా ఆ హక్కుతో ఫైనల్ మీదున్న ఇంకొకరి ముందు దూరకూడదని కూడా అదే రూల్లో ఉంది. పది మైళ్ళ అవతల నుంచి పాటర్న్ ఖాళీగా ఉందో లేదో ఆయనకెలా తెలుస్తుంది? ఛాంప్ అన్న రాసింది ఆయనకి చూపించండి.

ఛాంప్ అన్న:
చూపించుడెందుకు, ఆయన్నే మా స్ట్రిప్‌కు తోల్కరా. ముందు సీట్ల కూసోవెట్టి రెండు రౌండ్లు తిప్పుత. ఫైనల్ మీదికి మళ్ళినంక వెనక ఏమొస్తున్నదో ఎంత కనవడ్తదో ఆయనే చూస్తడు.