ఈ వారం సమస్య: మండువేసవి నేతెంచె మార్గశిరము

సంచాలకుడు: మెల్బోర్న్‌లో ఉంటున్న మా చెల్లెలు నిన్న ఫోన్ చేసి, క్రిస్మస్‌కు ఇల్లు సర్ది సర్ది చెమటలు పట్టి పంకా కింద చతికిలబడ్డానని చెప్పింది. హైదరాబాదులో రగ్గు కప్పుకొని ఆ మాట విన్న నాకు ఈ పాదం తోచింది. పెద్ద విందుల హడావుడి లేకుండా ఇంటివాళ్లే తీరికగా జరుపుకొనే పండుగ ఏర్పాట్లు పూరణలో కనబడాలి. "దక్షిణార్ధగోళమందున" అంటూ మొదటి పాదంలోనే భూగోళపాఠం చెప్పి గట్టెక్కేవారిని నేను మెచ్చుకోను.

సిడ్నీ బావగారు:

రొయ్య లైసులో నిద్రించె, రోలు పొయ్యి
సెలవుఁ గైకొనె నింటిలో, చేత గొడుగు
పట్టి చల్లని మామిడిపండుఁ దినగ
మండువేసవి నేతెంచె మార్గశిరము

తెనాలి తాతగారు: బావగారూ, దేశం పేరెత్తకుండా మార్గశిరంలో మామిడిపండు తినిపించి దేశాన్ని చూపించారు, పూరణ బలమంతా ఆ పండులోనే ఉంది. అయితే ఇందులో క్రిస్మస్ ఏదీ? సమస్యాపాదాన్ని తీసివేస్తే మిగిలేది జనవరి నెలలో సముద్రతీరాన చేసుకొనే విహారమే కదా!

సిడ్నీ బావగారు: తాతగారూ, ఉక్కపోతలో పొయ్యికి సెలవివ్వడమే ఇక్కడి పండుగ ఏర్పాటు. పందిమాంసపు హామును చల్లగానే కోసుకొంటాము, గుడ్డు తెల్లసొనతో చేసే పావ్లోవా కేకును ముందురోజు రాత్రే కాల్చి ఓవెన్‌లోనే చల్లారనిస్తాము. మా ఊరి చేపల మార్కెట్‌ను డిసెంబరు 23 తెల్లవారుజాము నుంచి 24 సాయంత్రం వరకు 36 గంటలు ఏకబిగిన తెరిచి ఉంచుతారు. అక్కడ రాత్రి రెండు గంటలకు వరుసలో నిలబడి తెచ్చిన రొయ్యలండీ అవి. నిద్రించినవి అవే, నేను కాదు.

మెల్బోర్న్ మాస్టారు: బావగారి రొయ్యలు నిద్ర లేవకముందే నా పూరణను కూడా చిత్తగించండి.

తార వెలిగింపఁ జీకటి దరికి రాదు
తొమ్మిదైనను; పిల్లలు దుమికి రంత
ఈత కొలనులో; తాతయ్య నిదుర పోయె;
మండువేసవి నేతెంచె మార్గశిరము

బ్రిస్బేన్ కోడలు: మాస్టారూ, గుమ్మానికి కట్టిన నక్షత్రం చీకటి కోసం ఎదురుచూడడం నిజంగా కొత్త ఊహ, సమస్యలోని వైరుధ్యానికి జవాబు ఆ మొదటి పాదంలోనే ఉంది. కాని మూడవ పాదంలో "ఈ"కి "ని"తో యతి ఎలా కుదిరిందో సెలవివ్వండి. ఇంకొక సంగతి. ఈ పద్యం గడియారాన్ని గంట ముందుకు జరుపుకొనే మీ ఊరిలోనే నిజమవుతుంది. మా క్వీన్స్‌లాండ్‌లో ఆ ఏర్పాటు లేదు కనుక ఏడు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, మా తార అన్నం వేళకే వెలుగుతుంది.

మెల్బోర్న్ మాస్టారు: అక్కడ నేను యతికి బదులు రెండవ అక్షరాలు కలిసే ప్రాసయతిని ఉద్దేశించానమ్మా.

బ్రిస్బేన్ కోడలు: "ఈత"కు "నిదుర"కు ప్రాసయతి ఏమిటండీ? ఒకచోట తకారం, ఇంకొకచోట దకారం. అది చాలదన్నట్లు ముందున్నది ఒకచోట గురువు, ఇంకొకచోట లఘువు. "నీటి కొలనులో" అంటే సరిపోయేది.

మెల్బోర్న్ మాస్టారు: కొలనులో నీరు కాక పాలుంటాయా? యతి కోసం అర్థాన్ని పలుచన చేయడం మీకు అలవాటే. నిరుడు పెర్త్ క్రిస్మస్ మీద పూరణ అడిగితే, మీరు ఇంటిముందు దేవదారును నిలిపి దానిమీద మంచు కురిపించారు. 2021లో ఇదే పండుగనాడు 42 డిగ్రీలు దాటిన ఊరది! డిసెంబరులో నారింజ వన్నె పూలతో విరగబూసే న్యూట్సియాను అక్కడివాళ్లు క్రిస్మస్ చెట్టనే పిలుస్తుండగా, దానిని వదిలి మంచు దేశం నుంచి చెట్టును దిగుమతి చేసుకోవలసిన అవసరమేమిటి?

బ్రిస్బేన్ కోడలు: అది దుకాణంలో కొన్న ప్లాస్టిక్ చెట్టనీ, మంచు దూదిపింజలనీ నిరుడే విన్నవించుకొన్నాను. ఇప్పుడు నా పూరణ చూడండి; మాసాన్ని విడగొట్టి వీధి మొదలుగా మార్చాను.

అన్న కారులో మంచును హాము నుంచి
వచ్చు దారినిఁ జూచుచు వదిన నిలువ
కడకు నా బండి సెగ లూది కదలి కదలి
మండువేసవి నేతెంచె మార్గ శిరము

తెనాలి తాతగారు: భలే అమ్మా! ఐసుపెట్టె కరిగిపోతుందేమోనని వదినగారు పడే ఆదుర్దా ఒక్క ముక్క చెప్పకుండానే తెలిసింది.

మెల్బోర్న్ మాస్టారు: ఆదుర్దా సరే, విభక్తి మాటేమిటి? బండి మార్గశిరమునకు రావాలి కాని "మార్గశిరము ఏతెంచె" అనరాదు.

బ్రిస్బేన్ కోడలు: జడపదాలకు ద్వితీయ బదులు ప్రథమ రావడం వ్యాకరణసమ్మతమే కదండీ.

మెల్బోర్న్ మాస్టారు: "చేరె" అని ఉంటే ఆ సమాధానం చెల్లేది. "ఇల్లు చేరె" అంటాము కాని "ఇల్లు ఏతెంచె" అనము.

సంచాలకుడు: ఈ విషయంలో మాస్టారిదే న్యాయం. అయినా విరుపు బాగున్నందువల్ల పూరణను స్వీకరిస్తున్నాను. మాస్టారు కూడా కొలనులో నీళ్లు పోయక తప్పదు.

తెనాలి తాతగారు: సంచాలకులవారి పాదాన్ని ఎవరూ పట్టించుకోలేదేమి? 2024లో డిసెంబరు 25 మార్గశిర బహుళంలో పడింది, 2025లో అప్పటికే పుష్యం ప్రవేశించింది.

సంచాలకుడు: పుష్యం పెడితే యతి పోతుంది తాతగారూ, పంచాంగాన్ని మీరే సర్దుకోవాలి.

సిడ్నీ బావగారు: తాతగారి మొదటి ఆక్షేపణ నన్ను నిద్రపోనివ్వలేదు కనుక రెండవ పాదాన్ని మార్చాను; మూడవ పాదంలో ఒక్క అక్షరాన్ని కూడా కదిలించలేదు.

రొయ్య లైసులో నిద్రించె, రోలు పొయ్యి
సెలవుఁ గైకొనె, గుమ్మానఁ జేర్చి తార
పట్టి చల్లని మామిడిపండుఁ దినగ
మండువేసవి నేతెంచె మార్గశిరము

తెనాలి తాతగారు: గొడుగు పోయి తార వచ్చింది, గొడుగును పట్టుకొన్న "పట్టి" ఇప్పుడు పండు తింటున్న బిడ్డ అయింది! జనవరి విహారమన్న మాటను వెనక్కు తీసుకొంటున్నాను. ఆ తారను ఎన్ని గంటలకు వెలిగించాలో మాత్రం మాస్టారూ, కోడలుగారూ తేల్చుకొని చెప్పాలి.